బహువచనం

ఫిబ్రవరి 2, సోమవారం

ఫోన్ స్క్రీన్ పగిలి వారమైంది. రిపేరు షాపతను "రేపు రండి మేడమ్" అనడం మానలేదు. ఇవాళ కూడా మధ్యాహ్నం క్లాసు అవగానే అక్కడికి వెళ్ళాను, రేపు రమ్మన్నాడు, వచ్చేశాను. ఈ తిరుగుళ్ళలో పడి వార్షికోత్సవం రిహార్సల్ తప్పిపోయింది.

తప్పక తప్పక ఇవాళే తప్పాలా? ఖాళీగా ఉండే జాగ్రఫీ గదిలో మైకు గాడు ప్రిన్సిపాల్‌ని అచ్చు గుద్దినట్టు దించేశాడట. ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే చాలు వాడికి వచ్చేస్తుంది, అందుకే మైకు. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకోవడం, ప్రతి మాట చివరా "అర్థమైందిగా" అనడం, నిరుడు వీడ్కోలు సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేయడం, అన్నీ చేశాడట. లీడరైతే నవ్వలేక కింద కూర్చుండిపోయిందట.

"నువ్వు లేకపోతే మజా లేదే కామా," అంది ఉడత, బిస్కెట్ నములుతూ. దాని నోరు ఖాళీగా ఉండగా నేను చూడలేదు, పేరు కూడా అందుకే వచ్చింది. నేను ఏ మాటా ఒక్క బిగిన పూర్తి చేయనని నన్ను కామా అంటారు. క్లాసులో ఉన్నదే పాతికమందిమి, అందరికీ ఇలాంటి పేర్లే. హాజరు పిలిచేటప్పుడు అసలు పేరు వినపడితే ఎవరిదబ్బా అని ఒక్క క్షణం వెతుక్కోవాలి.

అందరూ చూశారు, నేను తప్ప. కడుపు మండిపోయింది.

ఫిబ్రవరి 4, బుధవారం

మైకుని ప్రిన్సిపాల్ పిలిపించారు. ఎవరో వీడియో తీశారట. అది ఆయన దాకా వెళ్ళింది. వాడు బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. విచారణ అయ్యేదాకా కాలేజీలో అడుగు పెట్టకూడదట. తనే వీడియో తీయించి, తనే పిల్లలందరికీ పంచి, పెద్దాయన పరువు తీశాడన్నది వాడి మీద నేరం. అది రుజువైతే ఈ ఏడాది పరీక్షలు రాయనివ్వరు.

"నేనెందుకు పంచుతానురా, నాకేమన్నా పిచ్చా?" అన్నాడు.

వీడియోని ప్రిన్సిపాల్‌కి మా పెదనాన్న తన ఫోన్‌లోనే చూపించారట. ఆ గదిలోనే చూశాడట మైకు.

పెదనాన్న మా కాలేజీ ఆఫీసు సూపరింటెండెంట్. నేను ఆయన ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఇది అందరికీ తెలిసిందే.

ఫిబ్రవరి 5, గురువారం

పొద్దున్న క్లాసులోకి వెళ్ళగానే లీడరు లేచి నిలబడి దారి ఇచ్చింది. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు, తనే లీడరైపోయింది. ఏం చేసినా పద్ధతిగా చేస్తుంది.

"రండి రండి. మీ బెంచీ తుడిచి పెట్టాం," అంది.

నేను నవ్వాను. ఏదో ఆట అనుకున్నాను. "ఏంటే ఇది?" అన్నాను.

"ఏం లేదండీ," అంది.

పక్క బెంచీవాడు కూడా, "పుస్తకం కావాలా అండీ?" అన్నాడు. మూడేళ్ళుగా నా పెన్నులన్నీ కొట్టేసినవాడు! మధ్యాహ్నానికి క్లాసు మొత్తం అందుకుంది. తిట్టడం లేదు, మాట్లాడకుండా ఉండడం లేదు. అడిగినదానికి జవాబు చెబుతున్నారు. "తెలీదండీ." "మీ ఇష్టమండీ." కామా అని ఒక్కరూ పిలవలేదు.

ఉడత నా పక్కన కూర్చోలేదు. జలుబట, కిటికీ గాలి పడదట. వెనక బెంచీకి వెళ్ళింది.

నాకేం పట్టలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

క్యాంటీన్‌లో నేను వెళ్ళేసరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచారు. "కూర్చోండి, మేం లేస్తున్నాం." టీ గ్లాసులు సగంలో వదిలేసి మరీ వెళ్ళారు. ఒక్కదాన్నే అంత బల్లకీ. క్యాంటీన్ ఆయన కూడా వింతగా చూశాడు.

వ్యాకరణం క్లాసులో చెప్పారు, ఒక్కరినే మీరు అంటే అది గౌరవ బహువచనమట. నాకు బహువచనం వచ్చిన దగ్గర్నుంచీ నేను ఒక్కదాన్నే.

బాగుంది ఈ వాక్యం. ఉడతకి చెప్పాలనిపించింది.

ఫిబ్రవరి 7, శనివారం

పెదనాన్నని అడుగుదామనుకున్నాను. అడగలేదు. మా ఇంట్లో మీరు అనేది ఆయన్ని ఒక్కరినే, పెద్దమ్మని నువ్వే అంటాను. ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందు గొంతు సవరించుకోవాలి, ఆ లోపు ఆయన పేపర్‌లో తల దూర్చేస్తారు.

అయినా ఆయనకి ఎవరో పంపి ఉంటారు. మా ఇంటికీ దానికీ ఏం సంబంధం?

ఫిబ్రవరి 9, సోమవారం

ఇవాళ ఉడత కూడా అంది.

మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. దాని వెనక లీడరూ ఇంకో నలుగురూ ఉన్నారు. నేను, "నోట్సు ఇవ్వవే," అన్నాను. అది అటూ ఇటూ చూసి, "రేపు తెస్తానండీ," అంది. నోట్లో బిస్కెట్ ఉంది. నమలడం ఆపి మరీ అంది.

వాళ్ళంటే వాళ్ళు. ఇదేంటి? మొదటి ఏడాది నాకు జ్వరమొస్తే మా ఇంటికి వచ్చి నా మంచం మీదే పడుకుంది, నాక్కూడా జ్వరం రానీ, ఇద్దరం కలిసి బంకు కొట్టొచ్చు అని. రాలేదు దానికి. దానికి ఏదీ రాదు.

జనం ముందు అంది గానీ మనసులో ఉండదు. నాకు తెలుసు. రేపు ఒంటరిగా కనపడితే మామూలుగానే మాట్లాడుతుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

మైకు వాళ్ళమ్మ వచ్చింది. బస్సు కండక్టరు ఆవిడ. డ్యూటీ మధ్యలో దిగి వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా, భుజాన సంచీ. ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. లోపలికి పిలుస్తారని చూసి చూసి నన్ను పిలిచింది.

"నువ్వు మావాడి క్లాసేనా తల్లీ?"

అంతే అంది. ఈ కాలేజీ గోడల మధ్య నన్ను నువ్వు అనే మనిషి ఆవిడ ఒక్కతే మిగిలింది.

"వాడు అన్నం తినడంలేదు. గొంతులు వేయడం మానేశాడు. ఇంట్లో నా గొంతు కూడా వేస్తాడు తెలుసా, 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అని. తిట్టేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా బిక్కుబిక్కుమంటోంది," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఎవరు పంపారో తెలిస్తే చెప్పు తల్లీ. కొట్టనులే. మావాడు పంచలేదని ఒక్క మాట చెబితే చాలు, పరీక్షలు రాసుకుంటాడు. పంతొమ్మిదిన విచారణట."

నాకు తెలీదని చెప్పాను. నిజంగానే తెలీదు.

ఫిబ్రవరి 12, గురువారం

వంటింట్లో పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. చెప్పాలనుకోలేదు, పప్పు కడుగుతూ ఉంటే వచ్చేసింది, ఏడుపుతో సహా. పెద్దమ్మ పొయ్యి తగ్గించి నా వైపు తిరిగింది.

"ఆ కళ్ళజోడు వీడియోనా? ఎవరో కరకరమని నములుతూనే ఉంటారు, అదేనా?"

"నీకెలా తెలుసు?"

"నా ఫోన్‌కి వచ్చిందిగా. మీ ఉడత పంపింది. నాకు నవ్వొచ్చి మీ పెదనాన్నకి చూపించాను. ఆయన నవ్వలేదు. తన ఫోన్‌కి పంపించుకున్నారు. తెల్లారి చూస్తే నా దాంట్లో లేదు, ఆ పిల్ల తీసేసినట్టుంది. నీకు చెబుదామనుకుని మర్చిపోయానే."

మర్చిపోయిందట! ఈవిడ మరుపుకి అక్కడ ఒకడి చదువు పోతోంది, ఇక్కడ నా పరువు పోయింది. అరుద్దామనుకున్నాను. పెద్దమ్మ మొహం చూస్తే అరవబుద్ధి కాలేదు. బట్టల సబ్బు మర్చిపోయినట్టే ఇదీ మర్చిపోయింది.

ఈసారి గొంతు సవరించుకోకుండానే పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన పేపర్ దించలేదు.

"చూశాక చూపించకుండా ఎలా ఉంటాను? రేపు ఇంకెవరో చూపించి, మీ సూపరింటెండెంట్‌కి కూడా తెలుసు అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పారా?"

"పిల్లల్లో తిరుగుతోంది సార్ అన్నాను."

"తిరగడంలేదు పెదనాన్నా. మనింటికి ఒక్కదానికే వచ్చింది."

"నా ఇంట్లోంచి వచ్చిందని ఎలా చెప్పనే?" అన్నారు. అప్పుడు దించారు పేపర్.

ఫిబ్రవరి 13, శుక్రవారం

లైబ్రరీ వెనక మెట్ల మీద ఉడతని పట్టుకున్నాను. ఒక్కతే ఉంది. నన్ను చూడగానే దానికి విషయం తెలిసిపోయింది, బిస్కెట్ ప్యాకెట్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. అది తిండి మధ్యలో ఆపడం ఈ వారంలో రెండోసారి.

"నీకే పంపానే! నువ్వు చూడలేదని ఏడుస్తుంటేనే కదా పంపింది. పెద్దమ్మ ఫోన్‌కి పంపు అన్నది నువ్వే కదా!" అంది.

నేను అలా అన్నట్టు నాకు గుర్తు లేదు.

"మరి అందరూ నన్ను అంటుంటే చెప్పొచ్చుగా?"

"చెబుదామనుకున్నానే, ఒట్టు. రోజూ అనుకుంటున్నా. నిన్ను చూస్తుంటే భయమేస్తోంది. నన్ను కూడా అలా మీరు మీరు అంటే నేను ఒక్కరోజు ఉండలేను, కాలేజీ మానేస్తాను. నువ్వంటే గట్టిదానివి."

"నువ్వు కూడా అన్నావు."

"వాళ్ళు చూస్తున్నారుగా," అంది. చాలా మామూలుగా అంది.

విచారణ రోజుకి తనే వెళ్ళి ప్రిన్సిపాల్‌కి చెబుతానంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేతిలో చెయ్యి వేసింది. నేను సరేనన్నాను. గట్టిదాన్ని కదా.

ఫిబ్రవరి 14, శనివారం

అన్నాను. పెద్దమ్మ ఫోన్‌కి పంపవే అని, బస్టాప్‌లో.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఉడత రాలేదు. నిన్న కూడా రాలేదు. పెద్దమ్మ ఫోన్ నుంచి చేస్తే వాళ్ళ అక్క ఎత్తి, కడుపునొప్పి అంది. వెనక నుంచి ఏదో నములుతున్న చప్పుడు వినపడింది.

క్లాసులో నేనూ అండీ అనడం మొదలుపెట్టాను. వాళ్ళు "మీకు చోటు కావాలా అండీ" అంటే "అక్కర్లేదండీ, మీరు కూర్చోండి" అంటున్నాను. మొదట పళ్ళు కొరుక్కుంటూ అనేదాన్ని. ఇప్పుడు సాఫీగా వచ్చేస్తోంది. లీడరు కొంచెం ఇబ్బంది పడింది కూడా. ఇందులో ఒక సుఖం ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

అడిగారు. చెప్పాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

క్లాసులోకి వెళ్ళగానే, "ఏమే కామా, రావే!" అని అరిచింది లీడరు. పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "మాకేం తెలుసే! సూపరింటెండెంట్ ఫోన్ అనేసరికి నువ్వే ఉప్పందించావనుకున్నాం. తిట్టుకో, కొట్టుకో, నీ ఇష్టం." పక్క బెంచీవాడు నా పెన్ను కొట్టేశాడు. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు, నిజం చెప్పాలంటే కళ్ళు తడిశాయి.

మైకు వచ్చాడు. పరీక్షలు రాయనిస్తున్నారు. క్షమాపణ చెప్పమంటే చెప్పాడట. "మరి నా ఏడుపు కూడా దించాలా బాబూ? కళ్ళజోడు చాలదా?" అన్నారట ప్రిన్సిపాల్. వాడు నాకు ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వేయలేదు, తన గొంతుతోనే చెప్పాడు. "మా అమ్మ నిన్ను భోజనానికి రమ్మంది కామా," అన్నాడు.

క్యాంటీన్‌లో అందరం ఒకే బల్ల. ఉడత గుమ్మం దాకా వచ్చింది.

"రండి ఉడత గారూ," అంది లీడరు, లేచి నిలబడుతూ. "మీ కోసమే చూస్తున్నాం. మీరు కూర్చోండి, మేం లేస్తాం."

అందరూ లేచారు. నేనూ లేచాను. నేనొక్కదాన్నే కూర్చుంటే ఏం బాగుంటుంది?

ఇంట్లో పెదనాన్న నాతో సరిగ్గా మాట్లాడటంలేదు. ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచి, మీ ఇంటి ఫోన్ సంగతి ముందే చెప్పొచ్చుగా అన్నారట. "తమరికి అన్నం పెట్టమనండి మీ పెద్దమ్మని," అన్నారు, నా వైపు చూడకుండా. ఈయన కూడా మొదలుపెట్టారు.

ఫిబ్రవరి 21, శనివారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి.

గురువారం ఉడత వచ్చింది. ప్రిన్సిపాల్ గది బయట కారిడార్‌లో క్లాసంతా ఉంది, ఎవరిని పిలుస్తారో తెలీదని. మైకు, వాళ్ళమ్మ బెంచీ మీద. ఉడత గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను కళ్ళతో వెళ్ళవే అన్నాను. అది నేల చూసింది. ఇంకోసారి అన్నాను. చెప్పుల పట్టీ సరిచేసుకోవడానికి వంగింది. ఎంతసేపు సరిచేసుకుంటుంది!

నేనే లోపలికి వెళ్ళాను.

ప్రిన్సిపాల్ అడిగింది ఒకటే. ఆ అబ్బాయి పంచాడా అని. కాదు సార్, ఆ వీడియో నా కోసం మా ఇంటి ఫోన్‌కి ఒక్కదానికే వచ్చింది, పంపమని అడిగింది నేనే, అక్కణ్ణుంచే మీ దగ్గరికి వచ్చింది అని చెప్పాను. ఒక్క బిగిన చెప్పాను, ఎక్కడా ఆగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనమ్మా. ఎవరు పంపారో నాకక్కర్లేదు. అతను పంచలేదు, అది చాలు. వెళ్ళు. అర్థమైందిగా," అన్నారు.

అక్కర్లేదన్నారు. మైకు పరీక్షలు అప్పటికే దక్కాయి.

తలుపు దాకా వచ్చి తెరిచాను. ఎదురుగా అందరూ ఉన్నారు. లీడరు నన్ను చూసి దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది, చాలా మర్యాదగా. అప్పుడు తలుపు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాను.

"ఉడత పంపింది సార్," అన్నాను. గట్టిగానే.

ప్రిన్సిపాల్ తలెత్తి, "ఎవరమ్మా?" అన్నారు. ఆయనకి ఉడత ఎవరో ఏం తెలుసు? హాజరు పట్టీలో ఆ పేరు లేదు. ఆ పేరు తెలిసినవాళ్ళంతా బయటే ఉన్నారు. ఆయనకి ఇంకేం చెప్పకుండా వచ్చేశాను.

అడిగారు, చెప్పాను అని రాశాను గురువారం.

ఫిబ్రవరి 22, ఆదివారం

రేపు దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. లీడరు ఏమన్నా అననీ. అది నన్ను అంది కాబట్టి నేను దాన్ని అన్నాను, చెల్లుకు చెల్లు. మూడేళ్ళ స్నేహం ఒక అండీకి పోతుందా? బిస్కెట్ ప్యాకెట్ కొని బ్యాగులో పెట్టుకున్నాను, అది ఇష్టపడే రకమే.

ఫిబ్రవరి 23, సోమవారం

వచ్చింది. మానేస్తానంది గానీ వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది. క్లాసు మొత్తం పద్ధతిగా లేచింది. వెనక బెంచీల్లో చోటు లేదు, కావాలనే బ్యాగులు పెట్టారు. నా పక్కన ఒక్కటే ఖాళీ.

అది ఒక్కొక్క బెంచీ దాటుకుంటూ వచ్చింది. నోట్లో ఏమీ లేదు. దాని దవడలు కదలకుండా ఉంటే మొహం ఇలా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. నా దగ్గర ఆగింది. నన్ను చూసింది, నేనేమంటానో అని.

నేను జరిగాను. నా బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అందరూ నా నోటికేసే చూస్తున్నారు. రాత్రంతా అనుకున్న మాటే, ఒక్క మాట.

"కూర్చోండి," అన్నాను.

నేను అనాలని అనలేదు. ఈ మధ్య రోజూ అని అని నోరు అలవాటు పడిపోయింది, అదే వచ్చేసింది. ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. లీడరు నా భుజం తట్టింది. ఉడత బ్యాగు భుజానికి సర్దుకుని, "పర్లేదండీ," అంది. వెళ్ళిపోయింది. గుమ్మం దాటేటప్పుడు చేత్తో కళ్ళు తుడుచుకుంది. నేను లేచి వెంట వెళ్ళి ఉండొచ్చు. అప్పుడే మేడమ్ వచ్చారు, క్లాసు మొదలైంది.

బిస్కెట్ ప్యాకెట్ బ్యాగులోనే ఉంది. ఫోన్ కూడా ఇవాళే ఇచ్చాడు, స్క్రీన్ కొత్తగా మెరిసిపోతోంది. దాని నంబరు కొట్టి మోగేలోపే పెట్టేశాను, మూడుసార్లు.

కూర్చో.

కూర్చో.

కూర్చోవే.

రాస్తే వస్తోంది.